బొమ్మల పుస్తకాన్ని పరీక్షగా చదవడం ఎలా: ఆధునిక కళ, వాస్తుశిల్పం, డిజైన్, ఫొటోగ్రఫీ

పాబ్లో పికాసో 1937లో చిత్రించిన ‘గెర్నికా’ ఎత్తు సుమారు 349 సెంటీమీటర్లు, వెడల్పు 777 సెంటీమీటర్లు. సాల్వడార్ డాలీ 1931లో వేసిన చిత్రం, గడియారాలు మెత్తబడి కొమ్మ మీదనుంచీ బల్ల అంచునుంచీ జారుతున్నట్టు కనిపించే ఆ ప్రసిద్ధ చిత్రం, 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది. మొదటిదాని ముందు నిలబడినవారు తల తిప్పితే గాని రెండు చివరలూ చూడలేరు. రెండవదాన్ని చూడాలంటే దగ్గరికి వెళ్లి ముందుకు వంగాలి. ఆధునిక కళను గురించిన పుస్తకంలో మాత్రం ఈ రెండూ ఒకే కొలత గల పుటల్లో, ఇంచుమించు ఒకే వెడల్పుతో అచ్చవుతాయి. కాబట్టి ఇటువంటి పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయో చూసే ముందు, మూలకృతిలో ఏది ఈ పుట మీదికి రాలేకపోయిందో పుస్తకం మనకు చెబుతున్నదా లేదా అన్నది చూడాలి. మంచి పుస్తకం ఆ సంగతిని దాచదు.

ఏ రకపు పుస్తకమో ముందు తేల్చుకోండి

పైకి అన్నీ ఒకేలా కనిపించినా ఈ పుస్తకాలు వేర్వేరు పనుల కోసం పుట్టినవి. ప్రదర్శనతో పాటు వెలువడే కాటలాగ్ ఆ ప్రదర్శనలో ఉన్న కృతులకే పరిమితమవుతుంది. దానిలో లేని కృతి ముఖ్యమైనది కాదని అనుకోకూడదు, అది అరువుగా దొరకకపోయి ఉండవచ్చు. ఒకే కళాకారుని గురించిన గ్రంథం ఎంపిక చేసిన చిత్రాలతో ఒక వాదాన్ని నడుపుతుంది. ఒకరి కృతులన్నింటినీ వరుసగా నమోదు చేసే సమగ్ర జాబితా మరొక తరహా. క్రిస్టియన్ జెర్వోస్ పికాసో కృతులకు సిద్ధం చేసిన అటువంటి జాబితా 1932 నుంచి 1978 వరకు 33 సంపుటాలుగా వెలువడింది. దానిలో 16,000కు పైగా కృతులు నలుపు తెలుపులో ఉన్నాయి. రంగు లేదని ఆ గ్రంథాన్ని తప్పుపట్టడం అర్థరహితం, ఎందుకంటే ఒక చిత్రాన్ని గుర్తుపట్టడానికీ దాని కాలాన్ని నిర్ధారించడానికీ అది తయారైంది. మొదటిసారి ఈ రంగంలోకి వస్తున్నవారు వందలాది కళాకారులను తలా ఒక పుటలో చూపే లావుపాటి సంకలనం కంటే, పది పన్నెండు కృతులను విడమరచి చూపే చిన్న పుస్తకంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

క్యాప్షన్ చదవనిదే బొమ్మ చూసినట్టు కాదు

పూర్తి క్యాప్షన్‌లో కళాకారుని పేరు, కృతి పేరు, సంవత్సరం, వాడిన పదార్థం, కొలతలు, ప్రస్తుతం కృతి ఉన్న చోటు ఉంటాయి. కళాగ్రంథాల్లో ఎత్తును ముందు, వెడల్పును తరువాత రాయడం ఆనవాయితీ. 24 × 33 అంటే అడ్డంగా ఉన్న చిత్రమనీ, 33 × 24 అంటే నిలువుగా ఉన్నదనీ అర్థం. ఈ కొలతలను ఊరికే చదివి వదిలేయకుండా రెండు పనులకు వాడుకోవాలి. మొదటిది, ఆ కొలతలకు సరిపడే చట్రాన్ని గోడ మీద సుద్దతోనో దారంతోనో గుర్తు పెట్టుకుని, పుస్తకంలోని బొమ్మను ఆ చట్రంలో ఊహించుకోవడం. రెండవది, అచ్చులో చిత్రం అంచులు కత్తిరించారేమో పరీక్షించడం. ‘గెర్నికా’ వెడల్పు దాని ఎత్తుకు రెండుంబావు రెట్ల కంటే కొంచెం తక్కువ. పుటలో దాని ఎత్తు 10 సెంటీమీటర్లు ఉంటే వెడల్పు సుమారు 22 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే బాగా తక్కువ ఉండి, ‘చిత్రంలో ఒక భాగం’ అన్న సూచన కూడా లేకపోతే, సంపాదకులు పుటకు తగ్గట్టు చిత్రాన్ని కోశారని అర్థం. అలాంటి పుస్తకంలోని మిగతా బొమ్మలను కూడా అనుమానంతోనే చూడవలసి ఉంటుంది.

ఫొటోల విషయంలో సంవత్సరాలు రెండు ఉండాలి: తీసిన సంవత్సరం, ఆ ప్రింటు వేసిన సంవత్సరం. ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీసిన నెగెటివ్ ఒక్కటే, కానీ ఆయన దానినుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూ వచ్చారు. తొలి ప్రింట్లలో ఆకాశం లేతగా, మబ్బుల జాడలతో ఉంటుంది. తరువాతి వాటిలో అది కటిక నలుపుకు దగ్గరవుతుంది. ‘1941’ అని మాత్రమే రాసిన పుస్తకం ఈ రెండింటిలో దేన్ని చూపుతున్నదో పాఠకునికి తెలియదు.

అచ్చును భూతద్దంతో పరీక్షించడం

పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఒకటి దగ్గర ఉంచుకోండి. దానితో చూస్తే, రంగుల పుస్తకాలకు మామూలుగా వాడే ఆఫ్‌సెట్ అచ్చులోని ప్రతి రంగూ సయాన్ (ఆకుపచ్చ కలిసిన లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు అనే నాలుగు సిరాల చుక్కలుగా విడిపోతుంది. పుస్తకాల అచ్చులో సాధారణంగా అంగుళానికి 150 నుంచి 200 వరుసల చుక్కలు ఉంటాయి. వరుసలు ఎక్కువైన కొద్దీ సూక్ష్మ వివరాలు నిలుస్తాయి. కొన్ని పుస్తకాల్లో చుక్కలు వరుసల్లో కాకుండా ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. అది లోపం కాదు, వేరొక పద్ధతి. ఒక ఆకారం అంచు వెంట ఎర్రటి లేదా నీలపు గీత విడిగా కనిపిస్తే మాత్రం నాలుగు సిరాలు ఒకదానిపై ఒకటి సరిగా కుదరలేదని తెలుసుకోవాలి. బొమ్మ మీద వస్త్రపు నేత లాంటి అలల గీతలు కనిపిస్తే, మూలచిత్రం నుంచి కాకుండా పాత పుస్తకంలోని అచ్చు బొమ్మనుంచి మళ్లీ నకలు తీశారని చాలావరకు చెప్పవచ్చు.

చిత్రంలోని తెలుపునూ కాగితపు తెలుపునూ పోల్చి చూడటం మరొక మంచి పరీక్ష. రంగు పూసిన తెలుపుకు ఎంతో కొంత వెచ్చదనమో చల్లదనమో ఉంటుంది. బొమ్మలోని తెలుపు సిరా అంటని కాగితంలా మెరుస్తుంటే ఆ భాగంలోని కుంచె జాడలన్నీ అచ్చులో పోయినట్టే. రంగులను బేరీజు వేసేటప్పుడు వెలుగు కూడా ముఖ్యం. అచ్చు పరిశ్రమలో రంగులను సరిచూడటానికి 5000 కెల్విన్ తెల్లని వెలుగును ప్రమాణంగా వాడతారు. ఇంట్లో అంత ఏర్పాటు అక్కరలేదు గాని, పసుపు బల్బు కింద కూర్చుని పుస్తకంలో నీలాలు వెలిసిపోయాయని తీర్పు చెప్పకూడదు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట చూడాలి.

ఎంత శ్రద్ధగా అచ్చువేసినా నాలుగు సిరాలకు అందని రంగులు కొన్ని ఉన్నాయి. ఈవ్ క్లైన్ తన నీలపు చిత్రాల్లో అల్ట్రామెరీన్ పొడిని ఒక కృత్రిమ రెసిన్‌తో పట్టి ఉంచారు. దానివల్ల ఆ పొడి తడి మెరుపు లేకుండా, చూపును లోపలికి లాగేంత గాఢంగా ఉంటుంది. సయాన్, మెజెంటాలు కలిపి అచ్చువేసినప్పుడు ఆ గాఢత రాదు. అందుకే శ్రద్ధ గల ప్రచురణకర్తలు అటువంటి చోట ప్రత్యేకంగా కలిపిన ఐదవ సిరాను వాడతారు. ఆడ్ రైన్‌హార్ట్ 1960లలో వేసిన నల్ల చిత్రాలది ఇంకా కష్టమైన సంగతి: సుమారు 152 సెంటీమీటర్ల చదరంలో, ఒకదానికొకటి అతి స్వల్పంగా భేదించే నలుపుల మధ్య ఒక శిలువ ఆకారం ఉంటుంది. మూలచిత్రం ముందు కొంతసేపు నిలబడితేనే అది కంటికి తెలుస్తుంది, పుటలో మాత్రం నల్ల చదరమే మిగులుతుంది. యోజెఫ్ ఆల్బర్స్ రంగుల పరస్పర ప్రభావాన్ని గురించి 1963లో తెచ్చిన గ్రంథంలో ఈ సమస్యకు సమాధానం ఉంది. దానిలోని 150 రంగు పలకలను సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో, అంటే సన్నని వస్త్రపు తెర గుండా సిరాను నొక్కి, వేశారు కాబట్టి, ఒక్కొక్క రంగు చుక్కలుగా విడిపోకుండా నిండు సిరాగానే కాగితం మీద నిలిచింది. రంగే విషయమైన పుస్తకాన్ని కొనేటప్పుడు దాన్ని ఏ పద్ధతిలో అచ్చువేశారో అడగడం చాదస్తం కాదు.

కాగితం విషయంలో ఆర్ట్ పేపర్, అంటే పూత వేసిన నున్నటి కాగితం, మాత్రమే మంచిదనే నమ్మకం ఉంది. పూత ఉన్న కాగితం మీద సిరా ఉపరితలంలోనే నిలిచి రంగులు నిండుగా వస్తాయన్నది నిజమే. అయితే పెన్సిల్ గీతలు, వాస్తు రేఖాచిత్రాలు, పాత పోస్టర్లు పూత లేని కాగితం మీద ఎక్కువ సహజంగా ఉంటాయి. వెనుక పుటలోని బొమ్మ ఇవతలికి కనిపించకూడదన్నదే ముఖ్యం. పూత కాగితమైతే చదరపు మీటరుకు 150 గ్రాముల బరువు దగ్గర ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

బైండింగ్‌ను పుస్తకం తలవైపు నుంచి చూడండి. మడతపెట్టిన ఫారాలు చిన్న చిన్న విల్లుల్లా వరుసగా కనిపించి, ఒక్కొక్క ఫారం నడుమ దారపు కుట్టు ఉంటే ఆ పుస్తకం బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది. విడి కాగితాలను జిగురుతో అంటించిన పుస్తకంలో రెండు పుటల మీద పరచిన బొమ్మ నడుమ భాగం మడతలో మునిగిపోతుంది. నిజానికి కుట్టు ఉన్నా సరే, ఒక వర్ణచిత్రాన్ని రెండు పుటల మీదికి విరిచి వేయడం ఆ చిత్రానికి అన్యాయమే. చిన్నదిగానైనా ఒకే పుటలో వేసిన పుస్తకాన్నే నేను ఎంచుకుంటాను.

వాస్తుశిల్ప గ్రంథం: ఫొటోకు ముందు ప్లాన్

మీస్ వాన్ డెర్ రోహె బార్సిలోనాలో 1929 అంతర్జాతీయ ప్రదర్శన కోసం కట్టిన జర్మన్ పెవిలియన్‌ను మరుసటి ఏడాదే విప్పేశారు. దాన్ని అదే స్థలంలో మళ్లీ నిర్మించడం 1983లో మొదలై 1986లో పూర్తయింది. ఈ నడుమ అర్ధశతాబ్దం పాటు ఆ కట్టడం ప్రపంచానికి ప్రధానంగా కొద్దిపాటి నలుపు తెలుపు ఫొటోల ద్వారానే తెలుసు. ఆకుపచ్చ పాలరాయి, బంగారు ఛాయ గల ఓనిక్స్ రాతి గోడ, ఎర్రని తెర, ఇవన్నీ ఆ ఫొటోల్లో బూడిదరంగు ఛాయలే. చూడని కట్టడాన్ని ఫొటోలతోనే తెలుసుకున్నప్పుడు ఎంత తెలుస్తుంది, ఎంత తెలియదు అన్నదానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

అందువల్ల వాస్తుశిల్ప గ్రంథాన్ని ఫొటోల దగ్గర మొదలుపెట్టకుండా ప్లాన్ దగ్గర మొదలుపెట్టండి. ప్లాన్ అంటే కట్టడాన్ని నేలనుంచి సుమారు మీటరుకు కొంచెం పైన అడ్డంగా కోసి పైనుంచి చూసినట్టు గీసిన చిత్రం. కోతలో పడిన గోడలు దట్టంగా, పైన ఉన్న కప్పు అంచులు వంటివి తెగి తెగి సాగే గీతలుగా కనిపిస్తాయి. ముందుగా ఉత్తర దిక్కు గుర్తును, తరువాత స్కేలును వెతకాలి. 1:100 అని రాసి ఉంటే ఒక సెంటీమీటరు ఒక మీటరుకు సమానం కావాలి, కానీ పుస్తకంలోకి తెచ్చేటప్పుడు ఆ చిత్రాన్ని కుదించి ఉంటే ఆ అంకె అబద్ధమవుతుంది. చిత్రంతో పాటే కుదించుకునే గీత స్కేలును, అంటే మీటర్ల గుర్తులతో చిత్రం పక్కన గీసిన గీతను, మాత్రమే నమ్మాలి. అదీ లేకపోతే తలుపు వెడల్పునో మెట్టు వెడల్పునో కొలబద్దగా తీసుకోవచ్చు. ఆ తరువాత ప్రవేశద్వారం దగ్గర పెన్సిల్ మొన ఉంచి, లోపలికి నడుస్తున్నట్టు గది గదికీ కదిలించండి. ఎక్కడ మలుపు తిరుగుతారు, ఎక్కడ వెలుతురు ఎదురవుతుంది, ఏ గోడ దారికి అడ్డు వస్తుంది అన్నవి ఈ నడకలోనే తెలుస్తాయి.

ఇక ఫొటోలకు రండి. ఒక్కొక్క ఫొటోను ఎక్కడ నిలబడి, ఏ దిక్కుగా తీశారో ప్లాన్ నకలు మీద చిన్న బాణం గుర్తుతో నమోదు చేయండి. పుస్తకం పూర్తయ్యేసరికి బాణాలు కొన్ని చోట్ల గుమిగూడి, మరికొన్ని చోట్ల అసలు లేకుండా ఉంటాయి. వంటగది, సేవకుల గదులు, కట్టడం వెనుక వైపు, పొరుగు కట్టడాలు చాలా పుస్తకాల్లో బాణం లేని చోట్లే. ఈ ఖాళీలు పుస్తకం దేన్ని చూపదలచుకోలేదో చెబుతాయి. ఇది శ్రమతో కూడిన పనే అయినా వాస్తుశిల్ప గ్రంథం నుంచి ఇంతగా నేర్పే అభ్యాసం వేరొకటి లేదని నా నమ్మకం.

లె కొర్బూసియే పారిస్ దగ్గరి పోయిస్సీలో 1928–31 మధ్య కట్టిన విల్లా సవోయ్‌లో నేల అంతస్తు నుంచి పై కప్పు దాకా సాగే వాలు దారి ఉంది. విడి ఫొటోల్లో అది వాలుగా ఉన్న ఒక పట్టీలా మాత్రమే కనిపిస్తుంది. కట్టడాన్ని నిలువుగా కోసి చూపే సెక్షన్ చిత్రంలోనే అది మొత్తం ఇంటిని ఎలా కలుపుతున్నదో తేటపడుతుంది. ఆ ఇల్లు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బాగా పాడై, 1965లో రక్షిత కట్టడంగా గుర్తింపు పొందింది. కేవలం కట్టిన కొత్తలో తీసిన ఫొటోలనే వేసిన పుస్తకంలో ఆ చరిత్రకు చోటు ఉండదు. కాబట్టి ఫొటో తీసిన సంవత్సరాన్నీ కట్టడం పూర్తయిన సంవత్సరాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఫొటోలను దిద్దడం కూడా కొత్త అలవాటు కాదు. స్విట్జర్లాండ్‌లోని తన తొలినాటి విల్లా ష్వాబ్ ఫొటోలను 1920ల ఆరంభంలో తన పత్రికలో అచ్చువేసినప్పుడు లె కొర్బూసియే పెరట్లోని పందిరిని చెరిపివేయించి కట్టడాన్ని మరింత శుభ్రమైన ఆకారంగా చూపారు. దిద్దకపోయినా కెమెరా కన్ను మన కన్ను కాదు. పియర్ కోనిగ్ రూపొందించిన ‘కేస్ స్టడీ హౌస్ 22’ అనే ఇంటిని జూలియస్ షుల్మన్ 1960లో తీసిన రాత్రి ఫొటోలో, లాస్ ఏంజెలెస్ దీపాల పైన గాజు గదిలో ఇద్దరు స్త్రీలు కూర్చుని ఉంటారు. నగర దీపాల కోసం కొన్ని నిమిషాల ఎక్స్‌పోజర్, గది లోపలికి ఫ్లాష్ వెలుగు, ఈ రెండూ ఒకే నెగెటివ్ మీద కలిశాయి. ఆ రాత్రి అక్కడ నిలబడిన ఎవరికీ లోపలి వెలుగూ బయటి వెలుగూ అంత సమంగా కనిపించి ఉండవు.

డిజైన్ పుస్తకాలు

వీటికి ఎక్కువ మాటలు అక్కరలేదు. తెల్లని నేపథ్యంలో ఒంటరిగా నిలిచిన కుర్చీ బొమ్మకు కొలతలు, పదార్థం, తయారీ విధానం తోడు లేకపోతే అది అమ్మకపు ప్రకటనకు మించి చెప్పదు. మార్సెల్ బ్రాయర్ 1925–26లో ఉక్కు గొట్టాలతో రూపొందించిన కుర్చీ అప్పటినుంచి అనేకసార్లు మళ్లీ తయారైంది. బొమ్మలోనిది తొలినాటిదా, ఇటీవల తయారైనదా అన్నది క్యాప్షన్ చెప్పాలి. వాడుకను చూపే బొమ్మ ఒక్కటైనా ఉండాలి. హాన్స్ గూగెలోట్, డీటర్ రామ్స్ 1956లో బ్రౌన్ సంస్థకు రూపొందించిన రేడియో-రికార్డ్ ప్లేయర్ విశేషమంతా దాని పారదర్శకమైన మూతలో ఉంది. ఆ మూత తెరిచి, మూసి చూపని పుస్తకంలో ఆ వస్తువు సగమే ఉన్నట్టు. పోస్టర్లు, అక్షర రూపకల్పనల విషయంలో కనీసం ఒక భాగాన్నైనా అసలు పరిమాణంలో వేసిన పుస్తకాన్ని ఎంచుకోవాలి. వాల్టర్ గ్రోపియస్, లాస్లో మొహోలీ-నాగీ సంపాదకత్వంలో 1925 నుంచి 1930 వరకు వెలువడిన, జర్మనీలోని బౌహౌస్ డిజైన్ పాఠశాలవారి 14 పుస్తకాల వంటివి డిజైన్‌ను వివరిస్తూనే తామే డిజైన్ నమూనాలుగా నిలిచాయి. అటువంటి వాటి పునర్ముద్రణలో పుట కొలత మార్చారా అన్నది చూసుకోవాలి.

ఫొటోగ్రఫీ పుస్తకం: పుస్తకమే మూలకృతి అయినప్పుడు

ఇంతవరకు చెప్పిన లెక్క ఇక్కడ తారుమారవుతుంది. గోడ మీది చిత్రానికి పుస్తకం ఒక నకలు మాత్రమే. ఫొటోగ్రఫీలో మాత్రం చాలా సందర్భాల్లో పుస్తకం కోసమే పని జరిగింది. అన్నా ఆట్కిన్స్ 1843లో విడుదల చేయడం ఆరంభించిన సముద్రపు నాచుల పుస్తకంలో ప్రతి పలకా నాచు మొక్కను వెలుగు తగిలితే రంగు మారేలా రసాయనం పూసిన కాగితం మీద ఉంచి ఎండలో తీసిన నీలి ముద్ర. అంటే అక్కడ నకలు అనే మాటే లేదు. ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1903 నుంచి 1917 వరకు నడిపిన పత్రికలో ఫొటోగ్రావ్యూర్ పలకలు, అంటే ఫొటోను లోహపు రేకు మీద చెక్కి సిరాతో తీసిన ముద్రలు, అతికించి ఉండేవి. వాటిని అచ్చు బొమ్మలని కాకుండా ప్రింట్లుగానే పరిగణించడం సబబు.

అందుచేత ఇటువంటి పుస్తకాన్ని మొదటిసారి క్యాప్షన్లు చదవకుండా, మొదటి పుటనుంచి చివరి పుట వరకు ఒకే బైఠకులో తిరగేయండి. క్యాప్షన్ల గురించి పైన ఇచ్చిన సలహాకు ఇది వ్యతిరేకమే, కానీ ఇక్కడ వరుసే వాక్యనిర్మాణం. వాకర్ ఇవాన్స్ 1938లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ప్రచురించిన తన పుస్తకంలో బొమ్మలను కుడి పుటల్లోనే ఉంచి, ఎడమ పుటలను ఖాళీగా వదిలి, క్యాప్షన్లను ప్రతి భాగం చివరికి నెట్టారు. ఒక బొమ్మలోని వస్తువు నాలుగు బొమ్మల తరువాత మరో రూపంలో తిరిగి వస్తుంది. రెండవసారి చదివేటప్పుడు ఈ పునరాగమనాలను గుర్తుపెట్టుకోండి. మూడవసారికి పీఠికను, క్యాప్షన్లను చదవండి.

ముద్రణల మధ్య తేడా కూడా ఈ రంగంలోనే ఎక్కువ ముఖ్యం. రాబర్ట్ ఫ్రాంక్ అమెరికా అంతటా తిరిగి తీసిన 83 ఫొటోల పుస్తకం 1958లో పారిస్‌లో మొదట వెలువడినప్పుడు, బొమ్మల ఎదుటి పుటల్లో పలువురు రచయితల ఉల్లేఖనలు ఉన్నాయి. 1959 న్యూయార్క్ ముద్రణలో వాటిని తీసివేసి జాక్ కెరువాక్ ముందుమాట చేర్చారు. ఫొటోలు అవే. మొదటిది ఒక దేశాన్ని గురించిన వ్యాఖ్యానంలా, రెండవది ఒక మనిషి చూపులా చదువుకోవలసి వస్తుంది. కొనే ముందు ముద్రణ వివరాల పుటను చూసి ఏ సంవత్సరపు ముద్రణో, కొత్తగా స్కాన్ చేసిన ప్రింట్ల నుంచి వేశారో లేదో తెలుసుకోండి. ఆ పుటలో అంకెల వరుస ఉంటే, సాధారణంగా వాటిలోని అతి చిన్న అంకె ఎన్నో ముద్రణో సూచిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణ పుస్తక సంఖ్య 1970లో ప్రమాణంగా నిర్ణయమైనది కాబట్టి, అంతకు ముందటి ఏదైనా సంవత్సరం వేసి ఉండి ఆ సంఖ్య (ISBN) కూడా ఉన్న పుస్తకం పునర్ముద్రణే కావచ్చు.

నలుపు తెలుపు ఫొటోలను ఒక్క నల్ల సిరాతో వేస్తే నీడలు మసిబారిపోతాయి. నలుపుకు తోడు ఒకటి రెండు బూడిద సిరాలు కలిపి వేసిన అచ్చులో చీకటి భాగంలోని బట్ట మడత కూడా విడిగా కనిపిస్తుంది. భూతద్దంతో నీడల్లోకి చూస్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది. అయితే గొప్ప అచ్చు ఉన్నంత మాత్రాన గొప్ప పుస్తకం కాదు. ఎడ్ రూషే 1963లో 26 పెట్రోలు బంకుల ఫొటోలతో తెచ్చిన చిన్న పుస్తకం మామూలు ఆఫ్‌సెట్‌లో, ఏ హంగూ లేకుండా అచ్చయింది. ఆ సాదాతనమే దాని ఉద్దేశం. దాన్ని మెరిసే కాగితం మీద నాలుగు సిరాలతో వేస్తే అది వేరే పుస్తకమైపోతుంది.

దాచుకోవడం

పెద్ద, బరువైన పుస్తకాలను పడుకోబెట్టి, ఒకదానిపై ఒకటి రెండు మూడుకు మించకుండా పేర్చండి. నిలబెట్టి వాలనిస్తే పుటల బరువుకు కుట్టు లాగబడి అట్ట నుంచి విడిపోతుంది. కొత్త పుస్తకాన్ని నడిమికి తెరవకుండా, ముందునుంచి కొన్ని పుటలు, వెనకనుంచి కొన్ని పుటలు మార్చి మార్చి తెరుస్తూ వెన్నును మెత్తపరచాలి. చిరిగిన పుటకు పారదర్శకమైన టేపు వేయకండి, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగుకు మారి కాగితంలోకి ఇంకుతుంది. గాలిలో తేమ 40 నుంచి 55 శాతం మధ్య ఉండటం కాగితానికి క్షేమం. గోడకు ఆనకుండా, అలమర వెనుక కొంత ఖాళీ వదిలితే బూజు ముప్పు తగ్గుతుంది. పూత కాగితపు పుస్తకం తడిస్తే మాత్రం ఆలస్యం పనికిరాదు. ఆ పూత ఆరుతూ పక్క పుటకు అతుక్కుంటుంది, ఒకసారి అలా అతుక్కున్న పుటలను చింపకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. పుటలు ఇంకా తడిగా ఉండగానే నడుమ నడుమ పీల్చుకునే కాగితాలు పెట్టి, వాటిని మార్చుతూ, ఫ్యాను గాలికి ఆరబెట్టండి. పుస్తకాలు ఎక్కువగా ఉంటే వాటిని సంచుల్లో చుట్టి ఫ్రీజర్‌లో ఉంచి, తీరిక చూసుకుని ఒక్కొక్కటిగా బయటికి తీసి ఆరబెట్టవచ్చు.